చెయ్యి పెట్టి చూడని సీటు

పోయిన వారం ఖాజా మొహిద్దీన్‌ను మనం పుత్తూరులో, కూతురి ఇంటి ముందు, కారు తలుపు తెరిచి డ్రైవరు సీటు అడుగున చెయ్యి పెట్టిన చోట వదిలిపెట్టాం. పాపం, ఆ చెయ్యి పెట్టాల్సిన రోజు ఎప్పుడో గడిచిపోయింది. ఆనాడే పెట్టి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు, నాకూ మీకూ వారం వారం ఈ పని ఉండేది కాదు.

మధ్యలో వచ్చి చేరిన వాళ్ల కోసం నాలుగు మాటలు. ఖాజాది చిత్తూరులో కార్లకు సీట్లు కుట్టే అంగడి. ఒక్కగానొక్క కూతురు సుహానాను పుత్తూరులో చెప్పుల అంగడి నడిపే షాబాజ్‌కు ఇచ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లకు సుహానాకు ఏర్పేడు దగ్గర ఒక కాలేజీలో, ల్యాబులో ఉద్యోగం దొరికింది. అత్త అమీనా బీ ఉద్యోగం వద్దనలేదు. రెండు బస్సులు మారి చీకటి పడ్డాక ఇల్లు చేరే కోడలు మాత్రం తనకు వద్దంది. సొంత బండి ఉండి, పొద్దు వాలకముందే వచ్చేటట్టయితే సరేనంది. అప్పుడు షాబాజే అక్కడా ఇక్కడా తిరిగి ఒక పాత కరెంటు కారు వెతికి తెచ్చాడు. ఇంటిల్లిపాదీ పట్టే చిన్న కారు. రిటైరైన అయ్యవారొకాయన అపురూపంగా వాడుకున్న బండి అన్నాడు. "మా నాయన చూసి బాగుంది అంటేనే తీసుకుందాం" అంది సుహానా. నాయన చూశాడు. బాగుంది అన్నాడు.

ఆ బాగున్న కారు ఇప్పుడు పుత్తూరు నుంచి ఏర్పేడు పోయి తిరిగి పుత్తూరు చేరలేకపోతోంది. రాత్రంతా చార్జింగ్ పెడితే తెల్లారి నూరు చూపిస్తుంది. రేణిగుంట చేరేలోపే సగానికి పడిపోతుంది. సుహానా ఏసీ ఆపుకుంది, అద్దాలు దించుకుంది, ఎండలో ఉడికిపోతూ ఎద్దులబండి మాదిరి నడుపుకుంది. అయినా పోయిన శుక్రవారం వడమాలపేట దగ్గర రోడ్డు పక్కన నిలబడిపోయింది. బడికి సెలవని వెంట తీసుకుపోయిన చిన్నపిల్ల ఉమ్మే హబీబా వెనక సీట్లో ఏడుపు. ఇల్లు చేరేసరికి రాత్రి ఇషా నమాజు కూడా అయిపోయింది. అమీనా బీ కేకలు వెయ్యలేదు. "సాలమ్మా, ఇంక మానుకుంటా ఉండానని కాలేజీలో చెప్పేసి రా" అంది, అంతే. ఆ చెప్పేసి రావాల్సిన రోజు ఈ రోజే. సాయంత్రం కాలేజీ వదిలేలోపు.

సుహానా పొద్దున్నే బస్సెక్కుతూ తండ్రిని అడిగింది. "అమ్మినోళ్లు బండి వెనక్కి తీసుకుంటారేమో కనుక్కో నాయనా. తీసుకుంటారంటే ఇంకో బండి దొరికే దాకా అత్తను నేను ఒప్పించుకుంటా." తిరుపతి పోయి విచారించి వస్తానని అన్నాడు ఖాజా. ఎవరి దగ్గర విచారిస్తాడో చెప్పలేదు. ఎందుకంటే సీటు అడుగున అతని చేతికి దొరికింది ఒక బెత్తెడు గుడ్డముక్క.

వాళ్ల ఇంటి పద్ధతి అది. పాత సీటుకు కొత్త బట్ట వేసేటప్పుడు, పీకేసిన బట్టలోంచి బెత్తెడు కోసి సీటు అడుగున మడిచి కుట్టేయాలి. రేపు ఆ సీటు విప్పినవాడికి ముందు ఏముండేదో తెలియాలి, తెలియకుండా మూసేస్తే మనం దొంగలం అనేవాడు ఖాజా తండ్రి. ఆ పద్ధతి నేర్చుకున్నవాళ్లు లోకంలో ఇద్దరే. ఒకరు ఖాజా. రెండోవాడు అతని తమ్ముడు జియావుల్లా. కుట్టు ఎడమ వాలుగా ఉంది. జియావుల్లాది ఎడమచెయ్యి. అన్నదమ్ములు మాట్లాడుకుని ఎనిమిదేళ్లయింది.

తిరుపతి బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ఖాజాకు ఆ ముక్క చొక్కా జేబులో నిప్పులా ఉంది. దాన్ని చూడకుండానే చెప్పగలడు, ఎంత అరిగిందో. దారాలు తేలి జల్లెడైపోయిన బట్ట. వందల మంది కూర్చుని లేచిన సీటు. అయ్యవారూ లేడు, అపురూపమూ లేదు.

కారు చూసిన రోజు గుర్తొచ్చింది. మామూలు బండి అయితే ఖాజా చెవి పెట్టి ఇంజను వినేవాడు, పొగ వాసన చూసేవాడు. ఈ కరెంటు బండికి చప్పుడు లేదు, పొగ లేదు. చేతికి దొరికింది సీటొక్కటే. తన అంగడి ముందే, బజారులో నలుగురూ చూస్తుండగా, అల్లుడు టీ తెప్పించి "మామ కన్ను పడినాక ఇంక మెకానిక్ ఎందుకు" అంటుంటే, ఖాజా దర్జాగా సీట్లో కూర్చున్నాడు. అరచేత్తో రెండుసార్లు నొక్కాడు. ఫోమ్ గట్టిగా ఉంది. వెనక సీటు నలగనే లేదు. పక్కన కూర్చున్న సుహానా మీటరు చూసి, "నాయనా, ఇది చానా తిరిగిందే" అంది మెల్లగా.

"తిరిగితే తిరగనీ తల్లీ. ఒక్క మనిషి నిమ్మళంగా తోలుకున్న బండి. సీటు చెప్తా ఉండాది గదా. మీటరు లెక్కలు నువ్వు కాలేజీలో చూసుకో, సీటు సంగతి నాకు వదిలేయ్" అన్నాడు. నలుగురూ నవ్వారు. సుహానా కూడా నవ్వి ఊరుకుంది. అడుగున చెయ్యి పెట్టాలంటే దిగి, మోకాళ్ల మీద కూర్చుని, వంగాలి. అల్లుడి ముందు, బజారు ముందు, అంత వంగబుద్ధి కాలేదు.

అదీ సంగతి. ఆ కాస్త వంగకపోవడం. కూతురు అన్న మాటే నిజమైంది. దాన్ని నవ్వులాట చేసింది కన్నతండ్రి. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా ఖాజాకు ముద్ద దిగడం లేదు.

జియావుల్లా అంగడి తిరుపతిలో, రేణిగుంట రోడ్డులో, టైర్ల కొట్టు పక్కన. అన్న గడప దగ్గర నిలబడేసరికి అతను ఆటో సీటు ఒకటి ఒళ్లో పెట్టుకుని దబ్బనంతో కుడుతున్నాడు. తలెత్తాడు. గడ్డం నెరిసింది. ఆ నెరుపు ఎప్పుడు వచ్చిందో తనకు తెలియకపోవడం ఖాజాకు ఎక్కడో కలుక్కుమంది.

"సలాం భాయ్. కూర్చో. ఎండన పడి వచ్చినావు" అన్నాడు జియావుల్లా. లేవలేదు. స్టూలు మాత్రం కాలితో కాదు, చేత్తో జరిపాడు.

ఖాజా కూర్చున్నాడు. బస్సులో ఏమేమో అనుకుని వచ్చాడు. ఆరోగ్యం అడగాలి, పిల్లల్ని అడగాలి. అవేవీ అడగకుండానే జేబులోంచి ముక్క తీసి కుట్టుమిషను మీద పెట్టాడు.

"ఇది నీ కుట్టే గదా."

"నాదే."

"ఏ బండిలోదో తెల్సా?"

"తెల్సు. తెల్ల బండి, కరెంటుది. నాలుగు సీట్లూ మార్చినా. లాడ్జీల ముందు పెట్టుకొని, కొండకీ కాళహస్తికీ యాత్రికులను తిప్పినారంట. సీట్లు సీట్లు మాదిరి లేవు."

ఖాజాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. కావలసింది ఆ మాటే. స్టూలు ముందుకు జరుపుకున్నాడు. "ఆ బండి సుహానాకు కొన్నాం జియా. అమ్మినోడు గుణశేఖర్ అని, ఈ ఊరే. అయ్యవారి బండి అని అబద్ధం చెప్పి అంటగట్టినాడు. ఇప్పుడు నడవడం ల్యా. ఉద్యోగం మానుకోమంటా ఉండారు బిడ్డను. నువ్వు నాతో వచ్చి, ఇది అద్దెకు తిరిగిన బండి, సీట్లు నేనే మార్చినా అని ఒక్క మాట చెప్తే సాలు. వాడు కాదనలేడు, బండి వెనక్కి తీసుకుంటాడు. ఇంకో బండి చూసుకుంటాం. బిడ్డ ఉద్యోగం నిలబడతాది."

"నా మాటా?" అన్నాడు జియావుల్లా.

"నీ మాటే."

జియావుల్లా దబ్బనం పక్కన పెట్టాడు. "నా చేతి పని నమ్మొద్దని బజారులో చెప్పింది నువ్వే గదా భాయ్. లారీ ఓనరు కుంగిపోయిన సీటు తెచ్చి పడేస్తే, ఇది మా తమ్ముడి దొంగపని అన్నావు. అందరి ముందర అన్నావు. ఆ మాట ఇంకా చిత్తూరులో తిరగతానే ఉండాది. ఆటోవాళ్లు కూడా నా దగ్గరికి రాకుండా పోయినారు. అందుకే గదా ఈడికి వచ్చి పడింది. ఇప్పుడు నా మాట ఎవురు నమ్మాల?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఖాజాకు తేలికగా ఉండేది. తిరిగి ఒక మాట అని గెలిచేవాడు. అంత నెమ్మదిగా అంటే ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. రోడ్డు మీద బస్సు ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

"ఆ లారీ సీటు ఫోమ్ తెచ్చిన డీలరుదే తప్పు. ఆ నెలలోనే తెల్సింది నాకు" అన్నాడు చివరికి.

"నీకు తెల్సిందని నాకూ తెల్సు."

"మరి నువ్వన్నా..."

"నేను రావాల్నా భాయ్?"

ఈ ఎనిమిదేళ్లలో ఎన్నో రంజానులు గడిచాయి, కూతురి పెళ్లి జరిగింది, చిన్నపిల్ల పుట్టింది. ప్రతిసారీ ఈసారి పోదామనుకున్నాడు ఖాజా. ప్రతిసారీ చిత్తూరు బస్టాండు దాకా కూడా రాలేదు. వస్తే ఏం పోయేది? ఇదిగో, పనిబడ్డాక వచ్చాడు. పనిబడకపోతే ఈ రోజు కూడా వచ్చేవాడు కాదు. అది తమ్ముడికీ తెలుసు.

జియావుల్లా లేచి పక్క కొట్టు నుంచి రెండు టీలు తెచ్చాడు. ఒకటి అన్న చేతికిచ్చాడు. అడక్కుండానే చక్కెర లేని టీ తెచ్చాడు. ఎవరు చెప్పారో, ఎట్లా తెలుసుకున్నాడో.

"ఆ ముక్క నీ కోసమే పెట్టినా" అన్నాడు కూర్చుంటూ.

"మన పద్ధతి గదా. అన్నిట్లో పెడతావు."

"ఈ ఊరికి వచ్చినాక మానేసినా. ఎవురు సూస్తారని? ఆ బండికి మాత్రం పెట్టినా. నువ్వు సూస్తావని తెలిసి పెట్టినా."

ఖాజా గ్లాసు నోటి దగ్గర ఆగింది. "నేను సూస్తానని నీకెట్ల తెల్సు?"

"బండి తెచ్చినాయన చెప్పినాడు."

"గుణశేఖరా?"

"గుణశేఖర్ ఏం దాచలేదు భాయ్. అద్దెకు తిప్పిన బండి, బ్యాటరీ సగం పోయింది, దూరాలకు పనికిరాదు అని చెప్పే అమ్మినాడంట. నా దగ్గరికి తెచ్చింది ఆయన కాదు. కొన్నాయన."

కొన్నాయన అనే మాట ఖాజాకు వెంటనే ఎక్కలేదు. కొన్నది తమవాళ్లే కదా, మళ్లీ ఈ కొన్నాయన ఎవరు అనుకున్నాడు. తర్వాత ఎక్కింది. టీ గ్లాసు కింద పెట్టాడు.

"పెళ్లికి నువ్వు పిలవకపోయినా ఫోటోలు ఎవురో ఒకరు సూపిస్తారు గదా" అన్నాడు జియావుల్లా. "సూడంగానే గుర్తుపట్టినా, షాబాజ్ అని. ఆయనకు నేనెవురో తెల్దు. మంచి పిల్లోడే, మర్యాదగా మాట్లాడినాడు. మా మామ సీట్లు తెలిసినోడు, ఆయన కంటికి కొత్తవి మాదిరి కనపడాల అన్నాడు. ఇంత పోయిన బండి ఎందుకప్పా కొన్నావు, ఇంట్లోకేనా అని అడిగినా. నవ్వినాడు. ఇంట్లో ఆమెకు ఉద్యోగం మీద పోయింది మనసు, నేను వద్దంటే చెడ్డోడిని అయిపోతా, నాలుగు నాళ్లు దీన్ని తోలుకుంటే తనే విసిగి మానుకుంటాది అన్నాడు. టీ తాగతా చెప్పినాడు భాయ్. అదేదో తెలివైన పని మాదిరి చెప్పినాడు."

ఖాజాకు కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ కోపానికి ముందు సిగ్గు వచ్చింది. అల్లుడు తనను ఎంత బాగా తూకం వేశాడు! ముసలాయనకు సీటు చూపిస్తే చాలు, నలుగురి ముందు కూర్చోబెట్టి టీ ఇస్తే చాలు, బాగుంది అంటాడు, ఆ మాట మీద కూతురు నోరెత్తదు. అంతా అనుకున్నట్టే జరిగింది. మోసం చేసింది అల్లుడు. ఆ మోసానికి ముద్ర వేసింది మాత్రం తనే.

"తెలిసి కుట్టినావా?" అన్నాడు ఖాజా.

"తెలిసే కుట్టినా."

"సుహానాకని తెలిసి?"

జియావుల్లా తల దించుకున్నాడు. "నేను కుట్టకపోతే ఇంకొకడు కుడతాడు, వాడు ముక్క పెట్టడు అనుకున్నా. నువ్వు చెయ్యి పెట్టకుండా సీటు సూడవనుకున్నా. నా చేతి పనిని నమ్మొద్దని నువ్వన్నావు గానీ, నీ చేతిని నేను నమ్మినా భాయ్. ముక్క దొరుకుతాది, బండి వద్దంటావు, ఆడికి సరిపోతాది అనుకున్నా." దబ్బనం చేతిలోకి తీసుకున్నాడు. "అదంతా ఉత్త మాటలే. ఫోన్ చేస్తే అయిపోయేది. నీ నంబరు ఉండాది నా దగ్గర. రెండుసార్లు తీసినా. చెయ్యలేదు. నీ మీద పంతం. బిడ్డను నడవడం రానప్పటి నుంచి ఎత్తుకొని తిప్పినోడిని, ఆ బిడ్డ బతుకు కాడ నీ మీద పంతం పట్టుకున్నా."

ఎవరి తప్పు ఎంతో తూచడానికి ఇద్దరికీ ఓపిక లేదు. ఒకడు వంగలేదు, ఒకడు ఫోను ఎత్తలేదు. మధ్యలో నలిగింది సుహానా. వడమాలపేట దగ్గర రోడ్డు పక్కన, ఏడ్చే పిల్లను పట్టుకుని, వచ్చే పోయే లారీల వెలుతురులో నిలబడింది సుహానా. ఆ రాత్రి కూడా ఫోనులో "నీదేం తప్పు లేదు నాయనా, నువ్వు సీటు సూసినావు, బ్యాటరీ నీకెట్ల తెలుస్తాది" అని తండ్రికే ధైర్యం చెప్పింది. అది గుర్తొచ్చి ఖాజా కళ్లు తుడుచుకున్నాడు. తమ్ముడు చూడనట్టు రోడ్డు వైపు తిరిగాడు.

ఇప్పుడేం చెయ్యాలి? గుణశేఖర్ అబద్ధం చెప్పలేదు కాబట్టి బండి వెనక్కి తీసుకోడు. ఆ దారి మూసుకుపోయింది. కూతురికి నిజం చెబితే? ఉద్యోగం కోసం పోట్లాడే బలం వస్తుంది. కానీ ఆ నిజం పట్టుకుని ఏ మొహంతో ఆ ఇంట్లో మళ్లీ అన్నం వడ్డిస్తుంది? చెప్పకపోతే సాయంత్రానికి ఉద్యోగం పోతుంది. పోయిన ఉద్యోగానికి కారణం తన చేతకానితనమేనని, ఈ బండి తోలడం తనకే రాలేదేమోనని, బతికినంత కాలం అనుకుంటూ ఉంటుంది. సుహానా మనసు అటువంటిది. ఎవరి తప్పయినా ముందు తన మీద వేసుకుంటుంది.

ఫోను మోగింది. సుహానానే.

"నాయనా, యాడికి వచ్చినావు? అయ్యిందా పని?" గొంతులో అలసట ఉంది, దాని వెనక ఏదో తేలిక కూడా ఉంది. "ఆయన వచ్చినాడు నాయనా, కాలేజీకి. నన్ను పిల్చుకొని పోవడానికి అంగడి మూసి వచ్చినాడు. ఎప్పుడన్నా ఇట్ల వచ్చినాడా చెప్పు. బండి సంగతి అమ్మినాయనతో తానే మాట్లాడుకుంటాడంట. నాయనను ఎండలో తిప్పొద్దు అని నన్నే కోప్పడినాడు."



"మా ల్యాబు మేడమ్ లోపలే ఉండారు" అంది సుహానా. "పోయి చెప్పేస్తాలే. ఈయన ఇంత చేస్తా ఉండాడు గదా, నేను మొండికేస్తే ఏం బాగుంటాది. ఒక్కసారి నిన్ను అడిగి పోదామని చేసినా. నువ్వు ఊఁ అంటే చెప్పేస్తా. వద్దంటే ఆగతా. నువ్వెట్లంటే అట్ల."

ఎదురుగా జియావుల్లా అన్న మొహాన్నే చూస్తున్నాడు. ఇంత జరిగినా పిచ్చితల్లి మళ్లీ ఈ తండ్రి మాటే అడుగుతోంది. ఖాజా జవాబు చెప్పబోయాడు. సరిగ్గా అప్పుడు ఫోనులో ఇంకో గొంతు వినిపించింది, దగ్గరగా, చాలా మర్యాదగా.

"సలాం మామా. స్పీకరులోనే పెట్టినాం, చెప్పండి. మీ మాట మీదనే గదా అంతా నడిచింది."

ఖాజా మొహిద్దీన్ స్టూలు మీద నుంచి లేచాడు. తమ్ముడు చెయ్యి అందించాడు, ఆ చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

"సుహానా, ఆ స్పీకరు తీసేయ్ తల్లీ" అన్నాడు. "పక్కకు పోయి, ఫోను నీ చెవి దగ్గర పెట్టుకో. నువ్వొక్కదానివే వినాల."

అవతల సుహానా ఏదో అడగబోయింది, ఆ మాట మధ్యలోనే తెగిపోయింది. ఫోను చేతులు మారినట్టుంది. తర్వాత మాట్లాడింది ఆమె కాదు.

"మామా," అన్నాడు షాబాజ్. "మీరు తిరుపతిలో ఎవురి అంగట్లో ఉండారు?"